తడి ఆరని అతుకు

ముందుగా

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది, రెజిన్ జిగురులో అది గట్టిపడటానికి హార్డెనర్ ఎంత కలపాలండి అని. అది డబ్బా మీదే రాసి ఉంటుంది. డబ్బా మీద రాయని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెబుదామనే కూర్చున్నాను.

నా పేరు దానియేలు. మాది రేపల్లె పక్కన పల్లె. పని చేసింది మాత్రం తెనాలిలో, వీర్రాజు గారి ఫైబర్ షెడ్డులో. ఉద్యోగం మొదలుపెట్టిందీ అక్కడే, మానేసిందీ అక్కడే. నీళ్ళ ట్యాంకులు, ఆటో టాపులు, కార్ల బంపర్లు, బట్టల కొట్ల ముందు నిలబెట్టే బొమ్మలు... గాజుపీచు మ్యాటు పరిచి, రెజిన్ పూసి, ఆరబెట్టి చేసేవన్నీ చేశాం. నేను మానేయడానికి పదేళ్ళ ముందు నుంచి బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి జనం రావడం ఎక్కువైంది. అక్కడ ఎవరో కయాక్‌లు తెచ్చి పెట్టారు. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి పడవ. దాని తెడ్డుకి రెండు చివర్లా రెక్కలుంటాయి, మధ్యలో బోలు గొట్టం. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేసుకుంటూ పోవాలి. ఆ తెడ్లు విరిగితే మా షెడ్డుకే వచ్చేవి. చుట్టుపక్కల ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

విరిగిన తెడ్డు చేతికొస్తే తేల్చుకోవాల్సింది ఒకటే. దీన్ని అతకొచ్చా, లేక పక్కన పడేసి కొత్తది తెచ్చుకోమనాలా? నేను చాలాసార్లు సరిగ్గానే చెప్పాను. ఒకసారి చెప్పలేదు. ఇది రాస్తున్నది ఆ ఒక్కసారి గురించే.

వంకర సరిచేసిన రోజు

మా షెడ్డుకి మొట్టమొదట తెడ్డు తెచ్చినాయన మస్తాన్ మాస్టారు. నౌకాదళంలో పనిచేసి రిటైరై, బాపట్లలో పిల్లలకి కయాక్ నేర్పేవారు. గొట్టం రెక్క దగ్గర విరిగింది. చూస్తే రెండు రెక్కలూ ఒకే వైపుకి లేవు. ఒకటి నిటారుగా ఉంటే రెండోది పక్కకి తిరిగి ఉంది. పాపం, విరిగినప్పుడు మెలితిరిగిపోయిందనుకున్నాను. అతికేటప్పుడు ఆ వంకర కూడా తీసేసి, రెండూ ఒకే వరసకి తెచ్చి, నున్నగా పాలిష్ పెట్టి ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండా మాస్టారు బస్సెక్కి వచ్చారు. కుడి మణికట్టుకి కట్టు కట్టి ఉంది.

"దానియేలూ, ఆ వంకర కావాలని పెట్టిందయ్యా. ఒక రెక్క నీళ్ళలో ఉన్నప్పుడు రెండోది గాలిలో ఉంటుంది కదా. అది గాలిని కోసుకుంటూ పోవాలి. నువ్వు తిన్నగా పెట్టేసరికి గాలి దాన్ని వెనక్కి తోసింది. నా చెయ్యి వాచిపోయింది."

"తప్పు నాదే మాస్టారూ," అన్నాను.

ఆయన కోప్పడలేదు. మర్నాడు నన్ను సూర్యలంక తీసుకెళ్ళి, అక్కడి కాలవలో కయాక్‌లో కూర్చోబెట్టి, తెడ్డు చేతికిచ్చారు. రెండుసార్లు బోల్తాపడ్డాను. బట్టలన్నీ బురద. ఆ రోజుతో నాకు తెడ్డంటే ఏంటో తెలిసింది. మీరూ అంతే, ఏ వస్తువు బాగుచెయ్యాలన్నా ముందు దాన్ని వాడిచూడండి.

ఇంకో సంగతి. "తప్పు నాదే" అన్న మాట ఆ రోజు నా నోటికి ఎంత సులువుగా వచ్చిందో చూడండి. వాచిన మణికట్టు కదా, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది.

వీర్రాజు గారు

మా ఓనరు వీర్రాజు గారు చదివింది తక్కువ, చెవి మాత్రం చురుకైనది. అతికిన గొట్టాన్ని తాళంచెవితో వేలెడేసి దూరానికి ఒకసారి కొడుతూ వెళ్ళేవారు. గట్టిగా అతుక్కున్నచోట టకటకమంటుంది. లోపల పట్టు వదిలినచోట డొల్ల శబ్దం వస్తుంది. ఆ శబ్దం వస్తే చాలు, ఆరిపోయిన అతుకునైనా కోయించేవారు.

అతకడానికి పనికిరాదనుకున్న తెడ్డుని ఆయన ఊరికే పక్కన పెట్టేవారు కాదు. తెచ్చినవాళ్ళ ఎదురుగానే రంపంతో నాలుగు ముక్కలు చేసేవారు. ఒకసారి ఒకాయన, "అదేంటండీ, ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి కదా" అని గోలపెట్టాడు.

"పట్టుకెళ్తే తాడుతో కట్టి మళ్ళీ నీళ్ళలోకి దిగుతారండి. విరిగిన తెడ్డుతో ఎవరూ సముద్రం లోపలికి పోరు. అతికినదాన్నే నమ్మి పోతారు," అన్నారు వీర్రాజు గారు.

ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పడం లేదు. షెడ్డులో గాలాడేది కాదు. గాజుపీచు అరగదీసినప్పుడు లేచే దుమ్ముకి మాస్కులు ఇవ్వమని ఎన్నిసార్లడిగినా, రుమాలు కట్టుకోండి అనేవారు. ఇవాళ నేను మెట్లెక్కితే ఆయాసపడుతున్నానంటే అందులో ఆయన పాలు ఉంది. మీరు ఆ విషయంలో ఎవరి మాటా వినకండి. మాస్కు లేకుండా పని ముట్టుకోకండి. కానీ పని మంచిచెడ్డల దగ్గర మాత్రం ఆయన మాటే నిజం. నేను వినని రోజు ఒకటుంది.

కెజియా తెడ్డు

మస్తాన్ మాస్టారి దగ్గర నేర్చుకునే పిల్లల్లో కెజియా అని ఒకమ్మాయి ఉండేది. ఇంటర్ చదువుతోంది. తండ్రి లేడు. తల్లి మార్తమ్మ రోజూ బాపట్లలో రైలెక్కి వేటపాలెం వెళ్ళి, జీడిపప్పు ఒలిచే పని చేసేది. జీడి తగిలి తగిలి ఆవిడ వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి. మా చర్చి మహాసభల్లో మా ఇంటివాళ్ళకి ఆవిడ పరిచయం. అలా ఆవిడ నన్ను అన్నయ్యా అని, ఆ పిల్ల బాబాయ్ అని పిలిచేవాళ్ళు.

ఆ పిల్ల తెడ్డు వెయ్యడం చూడాలండి. నీళ్ళని కొట్టదు. రెక్క దిగిన చప్పుడు కూడా వినపడదు. పడవ మాత్రం సర్రున ముందుకి జారిపోయేది. "ఇన్నేళ్ళలో ఇలాంటి చెయ్యి చూళ్ళేదు దానియేలూ" అని మాస్టారు నాతో అన్నారు. రేపల్లె అవతల కృష్ణలో రాష్ట్ర జట్టుకి ఎంపికలు పెట్టారు. అందులో నెగ్గితే పెద్ద శిక్షణ కేంద్రంలో సీటు వస్తుంది. చదువూ తిండీ అన్నీ అక్కడే.

ఎంపికలు మూడు రోజులున్నాయనగా సాధనలో ఆమె తెడ్డు విరిగింది. కార్బన్ గొట్టం, గాలిలా తేలిగ్గా ఉంటుంది. మాస్టారే మధ్యాహ్నం బండిలో తెనాలి తెచ్చారు.

"కొత్తది రావాలంటే పది రోజులు. మా దగ్గర పాత తెడ్డొకటుంది. బరువెక్కువ, కాస్త పొట్టి. దాంతో వేస్తే మొదటి స్థానం రాకపోవచ్చు, మూడోదైనా వస్తుంది. మూడో స్థానం దాకా తీసుకుంటారు. నువ్వేమంటావ్?" అన్నారు.

వీర్రాజు గారు గొట్టాన్ని వంచి చూశారు. లోపల నుంచి ఉప్పునీళ్ళు కారాయి. "దీన్ని రెండు రోజులు ఆరబెట్టకుండా ముట్టుకోకూడదు. అతికాక ఇంకో రెండు రోజులు కదపకూడదు. మన వల్ల కాదని చెప్పెయ్ దానియేలూ," అన్నారు నెమ్మదిగా.

నేను ఆ మాట చెప్పలేదు. అప్పటికి నాకు పేరొచ్చేసింది. దానియేలు అతికితే ఏనుగు ఎక్కినా విరగదని బీచిలో అనేవాళ్ళు. పైగా ఆ పిల్ల మీద మమకారం. "పాతది వద్దు మాస్టారూ. అమ్మాయి చేతికి అలవాటైన తెడ్డే ఇద్దాం. ఎల్లుండి పొద్దున్నకి నేనిస్తాను," అన్నాను.

వానాకాలం. గాల్లోనే తేమ. గొట్టం లోపల గుడ్డతో తుడిచి, థిన్నర్ పెట్టి మళ్ళీ తుడిచి, కాసేపు బల్బు కింద పెట్టాను. వేలు పెడితే ఇంకా చల్లగానే తగిలింది. అంటే తడి ఉందన్నమాట. నాకు తెలుసు. అయినా లోపల ఇంకో చిన్న గొట్టం రెజిన్ పూసి దూర్చి, పైన మ్యాటు చుట్టేశాను. పైన చుట్టింది గట్టిగా ఆరింది. రెండు బల్లల మధ్య పెట్టి మధ్యలో ఇసుక బస్తా వేలాడదీస్తే నిలబడింది. తాళంచెవితో కొట్టాను. రెండు చోట్ల శబ్దం తేడాగా ఉంది. పైన పొర మందంగా ఉండటం వల్ల అలా వినపడుతోందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

కెజియా తెడ్డు అందుకుని అతుకు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఎక్కడ విరిగిందో కూడా తెలీట్లేదు బాబాయ్!" అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను.

ఒడ్డు మీద

ఎంపికల రోజు ప్యాసింజర్లో రేపల్లె వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో నది ఒడ్డుకి చేరాను. మార్తమ్మ పని మానుకుని వచ్చింది. ఇంటి నుంచి పులిహోర తెచ్చి నాక్కూడా పెట్టింది.

పడవలు వదిలారు. సగం దూరం వచ్చేసరికి కెజియా మిగతావాళ్ళకంటే రెండు పడవల పొడుగు ముందుంది. మార్తమ్మ నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. అప్పుడు కుడివైపు తెడ్డు వేసినది వేసినట్టే ఆమె పక్కకి ఒరిగిపోయింది. పడవ తిరగబడింది. మిగతా పడవలన్నీ ఆమెని దాటుకుంటూ వెళ్ళిపోయాయి.

మోటారు పడవలో ఆమెని ఒడ్డుకి తెచ్చారు. దెబ్బలేం తగల్లేదు. తెడ్డు రెండు ముక్కలూ తెచ్చి ఇసుకలో పెట్టారు. నేను వంగి చూశాను. లోపల దూర్చిన గొట్టం వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు నున్నగా ఊడివచ్చింది. దాని మీద రెజిన్ పాలలా తెల్లగా ఉంది. తడి మీద పూస్తేనే అలా తెల్లబడుతుంది. ఈ పనిలో ఉన్నవాడికి ఒక్క చూపు చాలు.

మస్తాన్ మాస్టారు పరిగెత్తుకొచ్చారు. చుట్టూ ముప్పై మంది దాకా మూగారు.

"ఏమైంది దానియేలూ? అతుకు ఊడిందా? తెడ్డు లోపమైతే చెప్పు. ఇప్పుడే నిర్వాహకుల్ని అడుగుతాను. అమ్మాయికి ఇంకో తెడ్డిచ్చి ఒంటరిగానైనా మళ్ళీ వేయించమంటాను. ఒప్పుకుంటారు. చెప్పు త్వరగా!"

ఒక్క మాట చాలు, అమ్మాయికి ఇంకో అవకాశం వచ్చేది. ముప్పై మంది నా మొహంలోకి చూస్తున్నారు. నేను ఆ ముక్కలని గుడ్డలో చుట్టేస్తూ అన్నాను:

"అతుకు గట్టిగానే ఉంది మాస్టారూ. అడుగున మోడు లాంటిదేదో తగిలుంటుంది. అమ్మాయి కుడివైపు మరీ లోతుగా వేసినట్టుంది."

తువ్వాలు కప్పుకుని కూర్చున్న కెజియా తల ఎత్తి నా వైపు చూసింది. అనుమానంతో కాదు. నన్ను నమ్మింది. "లోతుగా వేశానా బాబాయ్?" అంది. నేను తలూపాను. మార్తమ్మ కూతురి నెత్తి తుడుస్తూ, "అంత తొందరెందుకే, కాస్త పైపైన వెయ్యలేకపోయావా" అని ఏడ్చింది.

నా మాట మీద మాస్టారు నిర్వాహకుల దగ్గరికి వెళ్ళలేదు.

మర్నాడు షెడ్డులో వీర్రాజు గారు గుడ్డ విప్పి ముక్కలు చూశారు. ఆయనకీ మోడు తగిలిందనే చెప్పాను. "ఇది మోడు తగిలి విరగలేదు. వెళ్ళి చెప్పిరా," అన్నారు. సరేనన్నాను. వెళ్ళలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. కానీ ఆ తర్వాత తెడ్డు వస్తే నా బల్ల మీద పెట్టేవారు కాదు. తానే కూర్చుని చేసుకునేవారు. ఆయన నన్ను నిలదీసి, చెయ్యి పట్టుకుని బాపట్ల తీసుకెళ్ళి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నా బరువు ఇంకొకరి నెత్తిన పెట్టే ఆలోచనే.

తర్వాత సంగతి

మరుసటేడు కెజియా మళ్ళీ ఎంపికలకి వెళ్ళిందనీ, ఆఖరున వచ్చిందనీ విన్నాను. మాస్టారు ఒకసారి బస్టాండులో కనిపించి బాధపడ్డారు. "ఆ పిల్ల చెయ్యి పాడైపోయింది దానియేలూ. తెడ్డు నీళ్ళలోకి దించాలంటే భయం. పైపైన గీరుతోంది. లోతుగా వెయ్యమ్మా అంటే, మళ్ళీ విరుగుతుంది సార్ అంటుంది. ఎంత చెప్పినా ఆ భయం పోవట్లేదు."

అప్పుడు కూడా చెప్పలేదు. బస్సు వస్తోందన్నాను.

మీకు ముఖ్యంగా చెప్పదలచుకుంది ఇదే. తడి మీద అతకడం పెద్ద తప్పే. కానీ అలాంటి తప్పులు ప్రతి పనివాడూ చేస్తాడు. మీరూ చేస్తారు. విరిగిన తెడ్డుని మార్చుకోవచ్చు. నేను విరగ్గొట్టింది ఆ పిల్లకి తన చెయ్యి మీదున్న నమ్మకాన్ని. ఏ తప్పూ లేని చేతిలో తప్పుందని చెప్పాను. నేను పనిమంతుణ్ణి కాబట్టే నా మాట నమ్మారు. పేరున్నవాడి అబద్ధం మామూలు అబద్ధం కాదు. దాన్ని ఎవరూ తిరగేసి చూడరు.

ల్యాబులో

పని మానేశాక ఆయాసం ఎక్కువైతే డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. మా చెల్లెలు బాపట్లలో ఉంటుంది. ఆవిడ దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి ల్యాబులో రక్తం ఇద్దామని వెళ్ళాను. లోపల సూది పట్టుకుని ఉన్నావిడ మాస్కు కిందికి దించి, "దానియేలు బాబాయ్! గుర్తుపట్టారా?" అంది. కెజియా. ముప్పైకి దగ్గర పడుతున్న మనిషి. మెడలో తాళి ఉంది.

నా చేతికి రబ్బరు పట్టీ కడుతూ తల వంచుకునే అంది: "ఎప్పటి నుంచో మిమ్మల్ని కలిసి సారీ చెప్పాలనుకున్నాను బాబాయ్. రెండు రోజులు కూర్చుని అంత బాగా అతికిచ్చారు. నేను పిచ్చిగా వేసి విరగ్గొట్టాను. మీ మొహం చూడలేక మీరు బీచికొచ్చినప్పుడల్లా దాక్కునేదాన్ని."

రక్తం తీసి, సూది గుచ్చినచోట దూది అదిమింది. బయటున్న నర్సు తర్వాతి మనిషిని పిలిచింది. లేచి వచ్చేశాను.

మర్నాడు రిపోర్టుల కోసం వెళ్ళి, ఆమె భోజనానికి బయటికొచ్చేదాకా గేటు దగ్గరున్న బల్ల మీద కూర్చున్నాను. రాగానే, "ఒక్క నిమిషం కూర్చోమ్మా" అన్నాను. మొత్తం చెప్పాను. గొట్టంలో తడి, తాళంచెవి శబ్దం, తెల్లబడ్డ రెజిన్, మాస్టారు అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. ఒక్కటీ దాచలేదు.

ఆమె క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"అతుకు వల్లే విరిగిందని మీకెప్పుడు తెలిసింది?"

"ఒడ్డునే తెలుసమ్మా."

"మాస్టారు మళ్ళీ వేయిస్తానన్నప్పుడు?"

"అప్పటికే తెలుసు."

రోడ్డు వైపు తిరిగింది. "అమ్మ పోయి రెండేళ్ళయింది," అంది. "పోయేదాకా అంటూనే ఉండేది, కాస్త పైపైన వేసుంటే నీ బతుకు బాగుపడేదే అని. తిట్టడం కాదు, బాధతోనే. నేను కూడా అవునమ్మా అనేదాన్ని. అమ్మ ఉండగా చెప్పాల్సింది బాబాయ్."

నేనెందుకు అలా చేశానో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"అది వద్దు. ఒకటి చెప్పండి. ఆ రోజు నేను సరిగ్గానే వేశానా?"

"సరిగ్గానే వేశావమ్మా. నువ్వే ముందున్నావు. రెండు పడవల దూరం. నీ చేతిలో ఏ తప్పూ లేదు."

అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. కాసేపటికి, ఏడుపు మధ్యలోనే, "ఇంకోసారి చెప్పండి," అంది.

చెప్పాను.

కళ్ళు తుడుచుకుని లేచింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. భోజనం చెయ్యకుండానే క్యారేజీ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.